అక్షరమూ సిలబులూ ఒకటి కావు: పాతబస్తీ పేర్ల సాక్ష్యం

తెలుగు లిపి అక్షరాత్మకం కనుక ఎంత దీర్ఘమైన ఆంగ్లపదమైనా తెలుగులో రాయగానే దాని సిలబుల్ విభజన దానంతటదే తేలుతుందన్న అభిప్రాయం బోధనలోనూ పరిశోధనలోనూ వినవస్తున్నది. సిలబుల్‌ను ‘అక్షరం’ అని అనువదించడం దీనికి ఊతమిస్తున్నది. ఈ అభిప్రాయం పరీక్షకు నిలవదు. దాన్ని తోసిపుచ్చడానికి హైదరాబాదు పాతబస్తీలోని రెండు పేర్లు చాలు.

1591 నాటి చార్మినార్ పేరు లిపిలో చా-ర్మి-నా-ర్ అని నాలుగు భాగాలు. ఉచ్చారణలో చార్-మి-నార్ అని మూడు. అర్థాన్ని బట్టి చార్ (నాలుగు), మినార్ అని రెండు పదాంశాలు. ఉచ్చారణలో మొదటి పదాంశంతోనే నిలిచే రేఫను లిపి రెండవ పదాంశానికి అంటగట్టింది. కుతుబ్‌షాహీల కాలపు వైద్యశాల దారుల్‌షిఫా సంగతి వేరు. దార్ (ఇల్లు), షిఫా (స్వస్థత) అనే మాటల నడుమ ‘ఉల్’ చేరిన పేరు అది. ఉచ్చారణ దా-రుల్-షి-ఫా. ఇక్కడ రేఫను దాని పదాంశం నుంచి విడదీసింది ఉచ్చారణే.

ఈ రెండు స్థితులూ ‘ఇంటర్నేషనల్’ అన్న ఒక్క మాటలోనే ఉన్నాయి. లిపిలో ఇం-ట-ర్నే-ష-న-ల్ ఆరు; ఉచ్చారణలో ఇం-టర్-నే-ష-నల్ అయిదు; పదాంశాలు ఇంటర్-నేషన్-అల్ మూడు. ‘ర్నే’ చార్మినార్ మార్గం. ‘నేషన్’లోని నకారం తరువాతి సిలబుల్‌లోకి జరగడం దారుల్‌షిఫా మార్గం.

మన లాక్షణికులు అక్షరాన్నే లెక్కించారన్న ఆక్షేపణ రావచ్చు. వారు లెక్కించిన తీరే ఆ ఆక్షేపణకు సమాధానం. పొల్లు ముందరి అక్షరంతో కలిసి గురువవుతుంది; సంయుక్తాక్షరానికి ముందున్న లఘువూ గురువవుతుంది. అందుచేతనే నాలుగు లిపిభాగాల చార్మినార్ ఛందస్సులో మూడక్షరాల రగణం. ‘ఇంటర్నేషనల్’లోని టకారం గురువు కావడానికి కారణం, రేఫ వినికిడిలో దానికే చెందడం. లిపి దాచినదాన్ని ఛందస్సు గుర్తించింది. ఛందస్సు పేరు చెప్పుకొనే వారే దాన్ని విస్మరిస్తున్నారు.

ఇది పారిభాషిక పదాల తగవు మాత్రమే కాదు. 2018 చట్టంతో తెలంగాణ పాఠశాలల్లో తెలుగు తప్పనిసరి అయింది. ఉర్దూ మాతృభాషగా గల పాతబస్తీ పిల్లలకు చార్ అంటే నాలుగని ముందే తెలుసు. ఆ పేరును చార్-మి-నార్ అని విడదీసిన విద్యార్థిది తప్పని దిద్దడం, ఉన్న భాషాజ్ఞానాన్ని చెరపడమే.

ఇందుకు లిపి సంస్కరణ అక్కరలేదు. ‘చార్మినార్’ అన్న రాత అలాగే ఉండవచ్చు. వ్యాకరణ బోధనలో, నిఘంటువులలో లిపి, ఉచ్చారణ, పదాంశ విభజనలను మూడుగా చూపాలి. ‘అక్షరం’ అన్న ఒక్క మాటతో మూడింటినీ కొలవడం మానాలి.