శిక్షణ ఆంగ్లంలో.. వెతుకులాట తెలుగులో!

సమాచారాన్ని వెతికిపెట్టే అప్లికేషన్ల తయారీ నేర్చుకునేందుకు నేడు హైదరాబాద్‌కో, బెంగళూరుకో వెళ్లనవసరం లేదు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తున్నాయి. సాధారణ కంప్యూటర్లున్న జిల్లా కళాశాల ప్రయోగశాలలోనే రెండు, మూడు రోజుల్లో విద్యార్థులతో ఒక సెర్చ్‌ ఇంజిన్‌ను తయారు చేయించవచ్చు. చిక్కల్లా సాధనకు ఇచ్చే సమాచారంతోనే. అదంతా ఆంగ్లంలోనే ఉంటే, శిక్షణ ముగించుకుని వచ్చిన యువకుడు తన మండలంలోని తెలుగు దస్త్రాల ముందు తెల్లముఖం వేయక తప్పదు.

ఈ రంగానికి మూలాధారం లూసీన్‌. డగ్‌ కటింగ్‌ 1999లో రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్‌ 2001లో అపాచీ సంస్థ గొడుగు కిందకు చేరింది. దాని ఆధారంగా యోనిక్‌ సీలీ 2004లో సోలార్‌ను, షాయ్‌ బానన్‌ 2010లో ఎలాస్టిక్‌సెర్చ్‌ను నిర్మించారు. వీటి పనితీరు పుస్తకం చివర ఉండే పదసూచికను పోలి ఉంటుంది. ఏ పదం ఏ పత్రంలో ఉందో ముందే రాసి పెట్టుకుంటాయి. వెతికినప్పుడు పత్రాలన్నిటినీ చదవకుండా సూచికను మాత్రమే చూస్తాయి. అందుకే లక్షల పత్రాల్లోంచి కూడా క్షణాల్లో జవాబు వస్తుంది.

సోలార్‌తో పాటు వచ్చే మాదిరి సమాచారంలో ఐపాడ్‌, హార్డ్‌డిస్క్‌, మానిటర్ల వంటి సరకుల వివరాలుంటాయి. దానితోనే తొలిపాఠం నేర్చుకున్న విద్యార్థి ఐపాడ్‌ అని టైపు చేస్తాడు, ఐపాడ్‌ వస్తుంది. అంతా సవ్యంగానే ఉన్నట్లు తోస్తుంది. అసలు పరీక్ష తెలుగు పదంతో మొదలవుతుంది.

గుణింతం దగ్గరే గండం

కంప్యూటర్‌ బోధనలో విరివిగా వాడే పైథాన్‌ భాషనే తీసుకుందాం. వాక్యాన్ని పదాలుగా విడగొట్టడానికి అందులో అందరూ వాడే సులువైన సూత్రం గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను అక్షరాలుగా గుర్తించదు. ‘పుస్తకం’ అనే మాటను దానికి అప్పగిస్తే ‘ప’, ‘స’, ‘తక’ అని మూడు ముక్కలు చేసి ఇస్తుంది. తప్పు జరిగిందన్న హెచ్చరిక ఏదీ రాదు. సూచిక తయారవుతుంది, ఫలితాలూ వస్తాయి. అవి పనికిరానివన్న సంగతి తెలుగు చదవగలిగిన వారికే తెలుస్తుంది.

ఈ గండం గట్టెక్కినా విభక్తుల బెడద ఉండనే ఉంది. ఆసుపత్రి, ఆసుపత్రిలో, ఆసుపత్రికి, ఆసుపత్రుల.. ఇవన్నీ యంత్రానికి వేర్వేరు మాటలు. ఇల్లు, ఇంట్లో, ఇళ్లకు అన్నవాటి మధ్య బంధుత్వం దానికి అసలే తెలియదు. ప్రత్యయాలను కత్తిరించి ధాతురూపాన్ని పట్టుకునే స్టెమ్మింగ్‌ ఉంది కదా అనవచ్చు. గుడ్డిగా ‘కు’ కత్తిరిస్తే ‘చెరకు’ కాస్తా ‘చెర’ అవుతుంది. ‘లో’ తీసేస్తే ‘కిలో’లో ‘కి’ మిగులుతుంది. ‘లు’ పోతే ‘పాలు’ గతి చెప్పనక్కరలేదు. ఏది ప్రత్యయమో, ఏది మాటలో భాగమో తేల్చడం వ్యాకరణం తెలిసినవారు చేయవలసిన పని.

లూసీన్‌లో హిందీకి ప్రత్యేక విశ్లేషణ విభాగం 2011లోనే చేరింది. తెలుగుకు ఆ భాగ్యం 2021 డిసెంబరులో మొదలైన 9వ శ్రేణి విడుదలల్లో గానీ దక్కలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం 8.11 కోట్ల మంది మాతృభాషకు ఇది ఆలస్యమే. వచ్చిన సాధనాన్నయినా పరీక్షించి, లోపాలను సరిదిద్దే పని తెలుగు డెవలపర్లు కాక మరెవరు చేస్తారు?

ఒకే అవసరం.. పలు పేర్లు

పింఛను, పింఛన్‌, పెన్షన్‌, పించను.. వృద్ధుడు అడిగేది ఒకటే, రాసేవారి చేతిలో అది నాలుగు రకాలుగా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు అన్నది తెలంగాణలో ఆహార భద్రత కార్డు. జనం నోట రెండూ రేషన్‌ కార్డులే. వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర్రావు ఒకరో ఇద్దరో తేలక దస్త్రం దొరకనప్పుడు నష్టపోయేది కార్యాలయం చుట్టూ తిరిగే సామాన్యుడే. జిల్లాల పేర్లతో మరో తంటా. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏలూరు జిల్లా అని వెతికితే, ఆ గ్రామాలు పశ్చిమ గోదావరిలోనో, కృష్ణాలోనో ఉన్ననాటి పత్రాలు వాటంతట అవి రావు. పర్యాయపదాల పట్టిక, పాత కొత్త పేర్ల పట్టిక తయారు చేయడం శిక్షణలో ఒక పూట అభ్యాసంగా పెట్టదగినది. ఇందుకు పెద్ద కంప్యూటర్లు అక్కరలేదు. ఊరి సంగతులు తెలిస్తే చాలు.

యూనికోడ్‌ వాడుక స్థిరపడకముందు డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన సమాచారానిది వేరే కథ. తెరపై తెలుగు కనిపించినా, లోపల దాగి ఉన్నవి ఆంగ్ల అక్షరాల సంకేతాలే. వాటిని మార్చకుండా సూచికలో చేరిస్తే ఎంత వెతికినా ఫలితం శూన్యం.

పదాలతో కాక అర్థంతో వెతికే వెక్టర్‌ పద్ధతి వచ్చాక ఈ శ్రమంతా అనవసరమన్న వాదన వినిపిస్తోంది. అందులో కొంత నిజం లేకపోలేదు. ‘పెన్షన్‌’ అని అడిగితే ‘పింఛను’ను పట్టుకోవడం ఆ పద్ధతికి తేలిక. అయితే సర్వే నంబరు 214 అడిగిన రైతుకు దానిని పోలిన 241 చూపిస్తే ప్రయోజనమేమిటి? నంబర్లకు, పేర్లకు కచ్చితమైన సూచిక కావాలి. శిక్షణలో రెండు పద్ధతులనూ పక్కపక్కన నడిపి చూపితేనే ఏది ఎక్కడ పనికొస్తుందో అభ్యర్థికి బోధపడుతుంది.

ఫలితాలను కొలవడం నేర్పని శిక్షణ అసంపూర్ణమే. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్‌ క్లెవర్డన్‌ 1960వ దశకంలోనే ఇందుకు దారి చూపారు. కొన్ని ప్రశ్నలు, వాటికి సరిపోయే పత్రాలు ముందే గుర్తించి పెట్టుకుని, యంత్రం వాటిలో ఎన్ని తెచ్చిందో, పనికిరానివి ఎన్ని కలిపిందో లెక్కించడమే ఆ పద్ధతి. 50 ప్రశ్నలతో విద్యార్థులే దీనిని చేయవచ్చు. పంచాయతీ ప్రకటనలు, బహిరంగంగా లభించే ప్రభుత్వ ఉత్తర్వులు ఇందుకు చక్కని ముడిసరకు. వ్యక్తిగత వివరాలున్న అర్జీల జోలికి మాత్రం పోకూడదు.

ఇక బోధకుల మాట. సాఫ్ట్‌వేర్‌ నేర్పేవారిని బయటి నుంచి పిలిపించుకోవచ్చు. ‘చెరకు’లోని ‘కు’ విభక్తి కాదని చెప్పగల తెలుగు అధ్యాపకులు ఊళ్లోని డిగ్రీ కళాశాలలోనే ఉన్నారు. ఆ మూడు రోజులూ వారికి ప్రయోగశాలలో ఒక కుర్చీ వేస్తే పట్టికలు దిద్దే పని అక్కడికక్కడే సాగుతుంది.