కొత్త నర్సు పక్కన ఎవరుండాలి?

కాన్పయిన తల్లికి రక్తం ఎంత పోతోందో చూడమంటే కొత్తగా చేరిన నర్సు ముందు ప్యాడ్ చూస్తుంది. అది పెద్దగా తడవకపోతే నిమ్మళిస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషికి రక్తం నడుం కిందికి జారి మడుగు కడుతుందనీ, పొత్తికడుపు తడిమి గర్భసంచి గట్టిపడిందో మెత్తగా ఉందో చూడాలనీ ఆమె చదివే ఉంటుంది. అయినా ఓ సీనియర్ పక్కన నిలబడి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నడుం కింద పెట్టించేదాకా ఆ చదువు వేళ్లకు దిగదు. నా ఉద్యోగమంతా లేబర్ వార్డుల్లోనే గడిచింది. ప్రతి కొత్త నర్సుకూ పేరు పేరునా ఒక సీనియర్‌ను అప్పగించాలని ప్రభుత్వాన్నీ, ప్రైవేటు ఆసుపత్రులనూ గట్టిగా అడుగుతున్నాను.

నాకు మ్యాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇవ్వడం నేర్పింది మా హెడ్ సిస్టర్. ఫిట్స్ వచ్చిన గర్భిణికి తర్వాతి డోసు వేసే ముందు మోకాలి కింద తట్టి కాలు ఎగురుతోందో లేదో చూడమనేవారు. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టించేవారు, 16కు తగ్గకూడదు. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి. ట్రేలో విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఉండాలి. ‘ఇవన్నీ చూశాకే సిరంజి ముట్టుకోమ్మా’ అనేవారు. మందు ఎక్కువైతే మొదట మోకాలి కదలిక పోతుందనీ, ఊపిరి దెబ్బతినేది ఆ తర్వాతేననీ మంచం పక్కనే నిలబడి చెప్పారు. ఆ వరస తెలిశాక నా చేతి వణుకు తగ్గింది.

నాకు అలాంటి ఆవిడ దొరకడం అదృష్టం. నర్సు తయారవడం అదృష్టం మీద ఆధారపడకూడదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మన వార్డుల్లో రాత్రిపూట ఒక్క సిస్టర్ ఎన్ని మంచాలు చూస్తోందో అక్కడ పడుకున్న ప్రతి ఇంటివాళ్లకూ తెలుసు. ఇంజెక్షన్లు, ఇండెంట్లు, కేస్ షీట్లు, హ్యాండోవర్ అన్నీ తన మీదే పడ్డ సీనియర్, పక్కనున్న అమ్మాయికి నేర్పే తీరిక ఎక్కడి నుంచి తెస్తుంది? కసురుకుంటే తప్పు ఆమెదనుకోలేను.

అయినా ఇలా పక్కనుండి నేర్పడం సాధ్యమేనని పొరుగునే రుజువైంది. కర్ణాటకలో ‘సుక్షేమ’ ప్రాజెక్టు కింద 2012 ప్రాంతంలో బళ్లారి, గుల్బర్గా జిల్లాల పీహెచ్‌సీలకు నర్స్ మెంటర్లు మళ్లీ మళ్లీ వెళ్లి, అక్కడి నర్సుల పక్కనే ఉండి నేర్పారు. తెలంగాణలో 2017లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. ఇంగ్లండ్ వెళ్లిన మన అమ్మాయిలు ఫోన్ చేసినప్పుడు ముందుగా చెప్పేది అక్కడ తమకు తోడుగా ఉన్న ప్రిసెప్టర్ గురించే.

ఉద్యోగంలో ఎదగడానికీ ఆ తోడు కావాలి. జీఎన్‌ఎం చదివిన అమ్మాయి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలా, క్రిటికల్ కేర్ వైపు వెళ్లాలా, టీచింగ్‌లోకి రావాలా? ఇవాళ ఆమెకు సలహా చెప్పేది ఎక్కువగా విదేశాలకు పంపే కన్సల్టెన్సీలే. వాళ్ల దగ్గర ఒక్క దారే ఉంటుంది. హెడ్ నర్సుగా పదోన్నతి రావాలంటే ఏ సర్వీసు కాగితం ఎప్పుడు సరిచూసుకోవాలో చెప్పేవాళ్లు లేక వెనకబడిపోయిన మంచి నర్సులను ఎంతోమందిని చూశాను.

2024 జనవరిలో తెలంగాణలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. ఇక ముందు ఎక్కడ నియామకాలు జరిగినా, ఆ పత్రంలోనే సీనియర్ పేరు కూడా రాయాలి. మొదటి ఆరు నెలలు ఇద్దరికీ ఒకే షిఫ్టు వెయ్యాలి. ఆ సీనియర్‌కు మంచాలు తగ్గించాలి, నేర్పిన కాలాన్ని సర్వీసు రికార్డులో చూపాలి. కొత్త నర్సు మీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే పని మాత్రం ఆమెకు ఇవ్వకూడదు. మార్కులు వేసే మనిషి దగ్గర ‘అక్కా, ఈ డ్రిప్ లెక్క నాకు రావడం లేదు’ అని ఏ అమ్మాయీ నోరు విప్పదు. రిపోర్టుల పని సూపరింటెండెంట్ ఆఫీసు చూసుకుంటుంది.