మంచం దిగేటప్పుడు చెయ్యి అందించేదెవరు?

సిజేరియన్ అయిన మర్నాడు పొద్దున వార్డుల్లో వినపడే మాటలు మనకు కొత్త కాదు. "ఇంకా పడుకునే ఉందా? లేపి నడిపించండి" అని డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతుంది. "పచ్చి బాలింతవి, కదిలితే కుట్లు ఊడతాయి" అంటుంది తోడొచ్చిన తల్లి. మూత్రం గొట్టం అప్పుడే తీసేశారు. బాత్రూము వార్డు చివర ఉంది. ఈ రెండు మాటల మధ్య ఏం చెయ్యాలో తెలియక ఆ మనిషి పొట్ట పట్టుకుని చూస్తూ ఉంటుంది.

ఇది ఏ ఒక్కరి సంగతో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి తెలంగాణలో 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులకు పైగా సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద అవి 21 చిల్లర. ఇన్ని కోతలు అవసరమా అని మనం అడుగుతూనే ఉన్నాం. కోసిన తర్వాత ఆ స్త్రీ ఎలా లేచి నడుస్తోందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

డాక్టరు చెప్పింది నిజమే. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాక కొన్ని వారాలపాటూ రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఆపరేషనూ, కదలకుండా పడుకోవడమూ తోడైతే కాళ్ళ సిరల్లో గడ్డలు ఏర్పడి, ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. త్వరగా లేచి తిరగడం మేలని 1899లోనే షికాగోలో ఎమిల్ రీస్ అనే స్త్రీల వైద్యుడు రాశాడు. అది వైద్యలోకం తలకెక్కడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. కాబట్టి మన తల్లుల భయాన్ని మూఢనమ్మకమని వెక్కిరించనక్కర్లేదు. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పారు.

అయితే నడవమనడం వేరు, నడిపించడం వేరు. వెన్నులో ఇచ్చిన మత్తు దిగి కాళ్ళకు పూర్తిగా పట్టు రావాలి. నొప్పి మాత్ర ముందే పడాలి. ఆమె పక్కకు ఒత్తిగిలి, మోచేతిమీద బలం ఆనించి లేవాలి. కాళ్ళు కిందకి వేలాడేసి కాసేపు కూర్చోవాలి. కళ్ళు తిరగడం లేదని చూసుకున్నాకే, ఒకరు పట్టుకోగా నిలబడాలి. దగ్గు వస్తే కుట్లమీద దిండు అదిమి పట్టుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. మొదటిసారి లేచినప్పుడు తూలి పడిపోవడం వింతేమీ కాదు. ఒక కాలి పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా వెంటనే చెప్పాలని కూడా ఆమెకు తెలియాలి.

ఇదంతా చెప్పి, దగ్గరుండి చేయించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరివి? వార్డు మొత్తానికి ఉన్న ఒకరిద్దరు నర్సులకు తీరిక లేదు. ఆయా చెయ్యి చాలాచోట్ల డబ్బుతో ముడిపడి ఉంది. మిగిలింది తోడొచ్చిన తల్లి. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. వైద్యంలో ఒక భాగాన్ని ఆసుపత్రి జీతంలేని ఆడచాకిరీగా మార్చేసింది. కాలు జారితే తప్పు మాత్రం ఆ తల్లీకూతుళ్ళదే!

ఇంటికెళ్ళాక మరో కథ. "నడవమన్నారుగా" అంటూ బిందెలు మోయించే ఇళ్ళున్నాయి. నడక వేరు, చాకిరీ వేరు. ఆ తేడాని డిశ్చార్జి కాగితంమీద తెలుగులో రాసి, భర్తకీ అత్తకీ ఎదురుగా చదివి వినిపించాలి.

మనం అడిగేవి పెద్ద కోరికలేం కాదు. మొదటిసారి మంచం దిగేటప్పుడు నర్సు పక్కన ఉండాలి. బాత్రూము నేల పొడిగా ఉండి, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. ఖాళీగా ఉన్న నర్సు పోస్టులు భర్తీ చెయ్యాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ప్రతి మంచం దగ్గరా ఒక్క ప్రశ్న వేసి, జవాబు రాసుకు రండి: "అమ్మా, నిన్ను మొదట లేపి నిలబెట్టిందెవరు?" ఆ జవాబులే మన అర్జీ.