టిప్పర్ వెళ్లే దారిలో కూలీల షెడ్డు ఎందుకుంది?

2025 ఫిబ్రవరి 22న తెల్లవారకముందే, మహారాష్ట్రలోని జాల్నా జిల్లా జాఫ్రాబాద్ తాలూకాలో వంతెన పని జరుగుతున్న చోట ఒక టిప్పర్ ఇసుక దించింది. ఆ ఇసుక కూలీలు నిద్రపోతున్న రేకుల షెడ్డు మీద పడింది. ఐదుగురు చనిపోయారు. ఇలాంటి వార్తలు చాలావరకు ‘డ్రైవర్ చూసుకోలేదు’ అన్న మాటతోనే ముగిసిపోతాయి.

టిప్పర్ రివర్స్‌లో వస్తుంటే సరిగ్గా తొట్టి వెనక ఏముందో అద్దాల్లో కనబడదు. అందుకే ఒక మనిషి నిలబడి సైగ చేయాలి. అతను అద్దంలోంచి తప్పుకున్న మరుక్షణం బండి ఆగాలి. రాత్రిపూట లోడు దించే చోట లైట్లుండాలి. తొట్టి లేపే ముందు పైన కరెంటు తీగలు, కింద నేల వాలు చూసుకోవాలి. లేపిన తొట్టితో బండి కదపకూడదు. సైట్లలో ఇవి తెలియనివాళ్లు లేరు. కానీ సైగ చేసే మనిషికి రోజు కూలి ఇవ్వాలి కదా, కాంట్రాక్టర్‌కు అది దండగ ఖర్చు. ట్రిప్పుల లెక్కన బతికే డ్రైవర్‌కు దిగి చూసి రావడమంటే ఒక ట్రిప్పు పోవడమే. (ఆ డ్రైవరూ చాలాసార్లు మన వాడల నుంచి వచ్చినవాడే. మొదట అరెస్టయ్యేదీ అతనే.)

ఇంతకీ ఇసుక దించే చోటికి షెడ్డు ఎలా వచ్చింది? 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం యజమాని కూలీలకు ఉచితంగా తాత్కాలిక వసతి కల్పించాలి. అది సైటులోనైనా ఉండొచ్చు, వీలైనంత దగ్గరలోనైనా ఉండొచ్చు. ఈ ‘సైటులోనే’ అన్నది కాంట్రాక్టర్లకు బాగా కలిసొచ్చింది. కంకర కుప్పకూ సిమెంటు గోడౌనుకూ పోగా మిగిలిన జాగాలో నాలుగు రేకులు వేస్తే వసతి అయిపోయింది. ఇంజనీరు గది మాత్రం టిప్పర్ దారిలో ఎక్కడా కనబడదు. ఊళ్లో వాడ ఎక్కడుండాలో తేల్చిన లెక్కే సైటు ప్లానులోకీ వచ్చింది. తరతరాలుగా దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన పాలమూరు కూలీల కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది. నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కావాలంటే 250 మంది కార్మికులుండాలి. పల్లెల్లో చిన్న వంతెన పనికి అంతమంది ఎక్కడుంటారు? పైగా పని ముక్కలు ముక్కలుగా సబ్ కాంట్రాక్టుకు పోతుంది. కాగితం మీద ప్రతి ముక్కలోనూ కొద్దిమందే.

ప్రమాద మరణాల మీద ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే లెక్కల్లో వయసు ఉంటుంది. కులం ఉండదు. కాబట్టి ఈ చావుల్లో మనవాళ్లెందరో ప్రభుత్వం చెప్పదు. నిజనిర్ధారణకు వెళ్లే విద్యార్థులు, సంఘాలే అడిగి రాసుకోవాలి. షెడ్డుకూ బండ్ల దారికీ మధ్య ఎన్ని అడుగులుందో టేపుతో కొలవాలి, సైగ మనిషి పేరు మస్టర్‌లో ఉందో లేదో చూడాలి. షెడ్డు అక్కడే వేయమన్నదెవరో తేలితే, ఎఫ్ఐఆర్‌లో డ్రైవర్ పక్కన ఆ పేరు కూడా చేర్చమని పోలీసులను అడగొచ్చు.