అది నిద్రమాత్ర కాదు మహాప్రభో!

టోలిచౌకిలో ఉండే మా మావయ్యకి మూడు రకాల మందులు వాడినా బీపీ లొంగలేదు. డాక్టరు క్లోనిడిన్ కలిపాడు. వేసుకుంటే మగత, నోరెండిపోవడం. "ఒరేయ్, ఇది టెన్షన్‌కిచ్చే నిద్రమాత్రరా. నాకిప్పుడేం టెన్షన్? బీపీ కూడా 130 ఉంది, ఆపేస్తున్నా" అన్నాడు ఫోన్లో. నేనేమో గచ్చిబౌలిలో రిలీజ్ గొడవలో ఉన్నాను. "సర్లే మావయ్యా, ఆపెయ్" అనేశాను. అంత తెలివి నాది!

రెండోరోజు రాత్రి గుండెదడ, చెమటలు, చేతులు వణకడం, తల పగిలిపోతోందని కేకలు. పై అంకె 220. ఆ ట్రాఫిక్‌లో ఆటోలో పడి ఎలా వెళ్ళామో దేవుడికే తెలియాలి.

అసలు కథేంటంటే, 1960ల మొదట్లో జర్మనీలో దీన్ని ముక్కుదిబ్బడ తగ్గించే చుక్కలుగా ప్రయత్నించారు. జలుబు చేసిన ఒకావిడకి వేస్తే ఒక రోజంతా నిద్రపోయిందిట, బీపీ కూడా పడిపోయింది. మన ఒంట్లో ఏ గొడవ జరిగినా మెదడు నరాల ద్వారా నార్‌ఎడ్రినలిన్ వదిలి గుండెని పరిగెత్తిస్తుంది, రక్తనాళాల్ని బిగిస్తుంది. క్లోనిడిన్ మెదడు కింది భాగంలోని ఆల్ఫా-2 గ్రాహకాల మీద కూర్చుని "ఇప్పటికే బోలెడు ఉంది, చాలు" అని నమ్మిస్తుంది. మెదడు పంపడం తగ్గిస్తుంది. మగత కూడా అందుకే. అంతేగానీ మీ మేనేజరూ పోడు, ఈఎంఐ కూడా పోదు. గొడవ అలాగే ఉంటుంది, కేకలు మాత్రం వినపడవు.

ఒక్కసారిగా ఆపితే? బ్రేకు తీసేసినట్టే. పాతదానికి మించి నార్‌ఎడ్రినలిన్ పొంగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే. పక్కన బీటా బ్లాకర్ కూడా వాడుతుంటే ఇంకా ప్రమాదం. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

ఈ ఒక్క ముక్క మావయ్యకి ఎవరూ చెప్పలేదు! పేషెంటుకి రెండు నిమిషాలిచ్చే డాక్టరు చెప్పలేదు. "స్టాకు లేదు, ఎల్లుండి రండి" అనే మందుల షాపువాడు చెప్పలేదు. ఆ ఎల్లుండిలోపే కొంప మునుగుతుందని వాడికేం తెలుసు? ప్రొడక్షన్ సర్వర్లో చిన్న సర్వీస్ ఆపాలంటే పదిమంది అప్రూవల్ అడిగే మనం, నాన్నల మాత్రలు మాత్రం ఫోన్లో ఆపేయిస్తాం. పైగా "టెన్షన్ పడకు" అని సలహా ఒకటి.

మావయ్య ఇప్పుడు బానే ఉన్నాడు. పట్టీలో ఆరు మాత్రలుండగానే ఇంకోటి తెచ్చుకుంటాడు. దాన్ని ఇంకా నిద్రమాత్రనే అంటాడు, నేను దెబ్బలాడుతూనే ఉన్నాను.