కొండ ఎత్తు వేలికి తెలియాలి

పిల్లలూ! కాంటూరు రేఖలు దగ్గరగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే మెల్లని వాలు అని పరీక్షలో రాస్తారు, మార్కులు వస్తాయి. కాని అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మీ పిక్కలకు తెలిసిన వాలే కాగితం మీది ఆ గీతలని మీలో ఎంతమందికి తట్టింది? లోపం మీది కాదు. ఎత్తును చదును చేసి చూపే పటానిది.

ఈ ఇబ్బంది శాస్త్రజ్ఞులకూ తోచింది. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిరోషి ఇషీ బృందం ‘ఇన్‌ఫార్మ్’ అనే బల్లను తయారుచేసింది. దాని మీద వరుసకు 30 చొప్పున 30 వరుసల్లో 900 పుల్లలు ఉంటాయి. ప్రతి పుల్లనూ ఒక మోటారు ఎత్తుతుంది, దించుతుంది. కంప్యూటరులోని కొండ ఎత్తులను మోటార్లకు అందిస్తే చాలు, మీ కళ్ళ ముందే కొండ లేస్తుంది, లోయ దిగుతుంది! వేలితో ఒక పుల్లను నొక్కారనుకోండి, అది ఎంత దిగిందో కంప్యూటరుకు తెలుస్తుంది. అంటే సమాచారం చేతికి అందడమే గాక, చేతి మాట వింటుంది కూడా.

ఇదేదో ధనిక దేశపు ఆటబొమ్మ అనుకోకండి. అంధులు వాడే బ్రెయిలీ తెర చాలాకాలంగా చేస్తున్నది ఇలాంటి పనే. పీజో పదార్థపు సన్నని పట్టీకి విద్యుత్తు ఇస్తే అది వంగి, చిన్న చుక్కను పైకి నెడుతుంది. ఒక వరుస చదవడం అయ్యాక ఆ చుక్కలు దిగి కొత్త వరుస లేస్తుంది.

ఇన్‌ఫార్మ్‌కు ఒక లోటు ఉంది సుమా! పుల్ల నిలువుగా లేవగలదే తప్ప, కింద ఖాళీ ఉంచి పైన కప్పు నిలపలేదు. బొర్రా గుహలను అది చూపలేదు.

2023 నుంచి మన రాష్ట్రంలో చాలా ప్రభుత్వ పాఠశాలలకు పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. మంచిదే. అయితే వాటి మీద కొండ కూడా పలకలాగే నున్నగా ఉంటుంది. తెర వచ్చింది కదా అని మట్టి నమూనాలను మూలకు నెట్టడం నాకు ససేమిరా నచ్చదు. అక్కడ తెరకే ఎత్తుపల్లాలు తేవాలని పాటుపడుతుంటే, ఎత్తుపల్లాల మధ్య పుట్టిన మనం చదును తెరతో సరిపెట్టుకోవడమా!

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ మాత్రం సీలేరుగా మారి, శబరిలో కలిసి గోదావరిని చేరుతుంది. ఇరుగుపొరుగు కొండల నీళ్ళకు ఇంత వేరు దారులెందుకో చేత్తో తడిమితే తెలుస్తుంది.

లోతైన పళ్ళెంలో జిగటమట్టితో మీ ఊరి కొండను చేయండి. ఒక సెంటీమీటరు ఎత్తుకు నీళ్ళు పోసి, నీటి అంచు వెంట పుల్లతో గీయండి. ఇంకో సెంటీమీటరు పోసి మళ్ళీ గీయండి. శిఖరం దాకా ఇలాగే చేసి, నీళ్ళు వంపేసి, సరిగ్గా పైనుంచి చూడండి. మీకు కనిపించేవి కాంటూరు రేఖలే.