చెప్పి అమ్మండి

మేము కొత్త కార్లు కొనుక్కున్నవాళ్లం. మాలో టీచర్లున్నారు, మిర్చి రైతులున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుతో మొదటిసారి కారు కొన్నవాళ్లున్నారు. టింకరింగ్ షెడ్డు నడిపే మేస్త్రీలూ, వినియోగదారుల కేసులు వాదించే లాయర్లూ మాతో ఉన్నారు. మేమంతా ఒక్క మాట మీద కలిశాం. కొత్తదని చెప్పి అమ్మే కారుకు మా చేతికి వచ్చేలోపు ఏ దెబ్బ తగిలినా, దానికి ఏ మరమ్మతు చేసినా, మేము పూర్తి డబ్బు కట్టకముందే కాగితం మీద రాసి చెప్పాలి. అది చిన్నదా పెద్దదా అని తేల్చుకునే హక్కు కొనేవాళ్లది.

కారుకు దెబ్బ తగలడమే తప్పని మేము అనడం లేదు. పెనుకొండలోనో శ్రీపెరంబుదూరులోనో మానేసర్‌లోనో తయారైన బండి ట్రైలరెక్కి ఎంతో దూరం వస్తుంది. ఎక్కించేటప్పుడో దించేటప్పుడో బంపరు గీసుకుంటుంది. దారిలో చెట్టుకొమ్మ రూఫును గీరుతుంది. స్టాక్‌యార్డులో నెలల తరబడి ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. పక్క బండిని బయటకు తీస్తూ డ్రైవరు దీని డోరు నొక్కేస్తాడు. ఇవన్నీ ఆ వ్యాపారంలో ఉన్న నష్టాలే. వాటిని పూడ్చుకోవడానికి రవాణా బీమా ఉంది, స్టాకు మీద బీమా ఉంది. నష్టం జరిగితే అమ్మేవాళ్లకు డబ్బు వచ్చే దారి ఉంది. కొనేవాళ్లకు మాత్రం ఆ నష్టం జరిగిందన్న సంగతి తెలిసే దారి కూడా లేదు. మా పోరాటం ఈ ఒక్క చోటే.

'రంగు వేసేశాం కదా, కొత్తదానిలాగే ఉంది కదా' అనే జవాబు మేము ఒప్పుకోం. ఎందుకో మాలోని మేస్త్రీలే చెబుతారు. ఫ్యాక్టరీలో బాడీకి రంగు పట్టించేటప్పుడు అందులో సీట్లుండవు, వైరింగ్ ఉండదు, అద్దాలుండవు. వట్టి ఉక్కు గూడును ప్రైమరు తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో ఆ పూత మూలమూలకూ పట్టేలా చేస్తారు. తుప్పును ఆపేది ముఖ్యంగా ఆ పూతే. దాన్ని ఓవెన్‌లో కాల్చాక పై రంగులు వేసి, వాటినీ 140 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. అదే కారు డీలరు బాడీషాపుకు వెళ్లినప్పుడు ఆ వేడి పెట్టడం కుదరదు. లోపలున్న ప్లాస్టిక్కూ వైర్లూ పాడైపోతాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. సొట్ట తీయడానికి రేకు కనబడేదాకా గీకారంటే అక్కడ తొట్టిలో పట్టిన పూత పోయినట్టే. దాన్ని మళ్లీ పట్టించే తొట్టి బాడీషాపుల్లో ఉండదు. చేయి తిరిగిన మేస్త్రీ వేసిన రంగు పక్క రంగులో కలిసిపోతుంది, మామూలు కంటికి ఆనదు. ఆ పనితనమంటే మాకు గౌరవం. కానీ పెళ్లికి కొన్న పట్టుచీరలో రఫ్ఫు ఎంత సన్నగా చేసినా, చెప్పకుండా కొత్త చీర ధరకు అమ్మితే ఏ ఇల్లాలూ ఊరుకోదు.

కంటికి ఆననిది పూత మందం కొలిచే మీటరుకు దొరుకుతుంది. ఫ్యాక్టరీ పూత మందం సాధారణంగా 100 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. మళ్లీ రంగు పడినచోట 200 దాటవచ్చు. పుట్టీ పెట్టినచోట అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. కానీ కొన్న రోజున ఆ మీటరు ఎవరూ పెట్టరు. ఏళ్ల తర్వాత కారు అమ్మబోయినప్పుడు, పాత కార్లు కొనే కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు పెడతాడు. "సార్, ఎడమవైపు వెనక డోరు రీపెయింట్ అయింది. యాక్సిడెంట్ ఏమైనా జరిగిందా?" అని అడుగుతాడు. జరగలేదని ఓనరు ఒట్టేసినా అతను నమ్మడు, రేటు తగ్గించి వేస్తాడు. అక్కడితో ఆగదు. కొడుకే ఎక్కడో గుద్ది, ఇంట్లో తెలియకుండా రంగు వేయించాడేమోనని తండ్రికి అనుమానం మొదలవుతుంది. షోరూములో ఎవరో దాచిన మాటకు ఏళ్లు గడిచాక ఏ పాపమూ ఎరగనివాళ్లు అబద్ధాలకోరులవుతారు. పోయిన డబ్బు కన్నా మమ్మల్ని ఎక్కువ కుదిపేది ఇదే.

రంగు సంగతికన్నా నీళ్ల సంగతి ప్రమాదం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వీధుల్లో కార్లు ఎలా నానాయో మనమంతా చూశాం. వరద నీళ్లకు రోడ్డు మీద బండీ, యార్డులో బండీ అన్న తేడా ఉండదు. కార్పెట్ మార్చి, లోపల ఆరబెట్టి, సెంటు కొడితే వాసన పోతుంది. వైర్ల కనెక్టర్లలో చేరిన తడి పోదు, అది నెలల తరబడి లోలోపల లోహాన్ని తింటుంది. ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే పెట్టె చాలా కార్లలో సీట్ల మధ్య, ఫ్లోరుకు దగ్గరగా ఉంటుంది. అది పాడైతే ఏమవుతుందో గుద్దుకునేదాకా తెలియకపోవచ్చు. అందుకే దీని మీద మాకు రాజీ లేదు. ఫ్లోరు దాటి నీళ్లు ఎక్కిన బండిని, చెప్పినా సరే, కొత్తదన్న పేరుతో అమ్మడానికి వీల్లేదు.

చిన్న మరమ్మతులు కూడా చెప్పుకుంటూ పోతే వ్యాపారం సాగదని డీలర్లు అంటారు. ఈ వాదన కొత్తది కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఒక డాక్టరు 1990 జనవరిలో 40 వేల డాలర్లకు పైగా పెట్టి కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. 9 నెలల తర్వాత పాలిష్ పట్టించడానికి తీసుకెళ్తే, దీనికి మళ్లీ రంగు వేసినట్టుందని ఆ షాపతను చెప్పాడు. జర్మనీ నుంచి వచ్చే దారిలో, బహుశా ఆమ్లవర్షం వల్ల, పూత దెబ్బతింటే అమెరికాకు చేరాక రంగు వేశారని తేలింది. మరమ్మతు ఖర్చు కారు ధరలో 3 శాతం మించకపోతే దాన్ని కొత్తదిగానే అమ్మాలి, డీలరుకు కూడా చెప్పనక్కర్లేదు అన్నది 1983 నుంచి ఆ కంపెనీ పెట్టుకున్న పద్ధతి. ఈ కారుకు అయిన ఖర్చు 601 డాలర్లు, ధరలో ఒకటిన్నర శాతం. కానీ జ్యూరీ తేల్చిన నష్టం 4,000 డాలర్లు. మళ్లీ రంగు పడిన కారు విలువ పదో వంతు తగ్గుతుందన్న సాక్ష్యాన్ని వాళ్లు నమ్మారు.

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బాగుచేయడానికి 600, కొన్నవాడికి పోయింది 4,000. బాగుచేసిన ఖర్చును బట్టి 'ఇది చిన్నది, చెప్పనక్కర్లేదు' అని గీత గీయడం ఎంత అన్యాయమో అందులోనే ఉంది. మన దగ్గర 12 లక్షల కారుకు 3 శాతమంటే 36 వేలు. ఆ డబ్బుతో మన ఊళ్లలో ఒక పక్క డోర్లు రెంటికీ టింకరింగూ పెయింటింగూ చేయించవచ్చు. అందుకే ఎంత శాతమన్న గీతే మాకు వద్దు.

ఆ కేసులో జ్యూరీ శిక్షగా 40 లక్షల డాలర్లు వేస్తే అలబామా సుప్రీంకోర్టు దాన్ని సగానికి తగ్గించింది. అదీ మితిమీరిందని 1996లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో కొట్టేసింది. చివరికి 1997లో 50 వేల డాలర్లకు కుదించారు. శిక్ష ఎంత ఉండాలన్న దాని మీద న్యాయమూర్తులు వాదించుకోవచ్చు. మాకు కావలసింది ఇంకొకటుంది. జ్యూరీ తీర్పు రాగానే, ఎంత స్వల్పమైన మరమ్మతైనా సరే దేశమంతటా చెప్పి అమ్మే పద్ధతికి ఆ కంపెనీ మారిపోయింది. కాబట్టి చెప్పి అమ్మడం సాధ్యం కాదన్న మాట మా ముందు అనకండి.

మన సుప్రీంకోర్టు ముందుకు 2021లో గోవా కేసు ఒకటి వచ్చింది. 2011లో కొన్న కారు 2009లో తయారైనదని, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిందని, అడుగు భాగానికి తుప్పు పట్టిందని కొన్నాయన ఫిర్యాదు. డీలరు మీద వచ్చిన తీర్పు నిలిచింది, తయారుచేసిన కంపెనీ మాత్రం బయటపడింది. కంపెనీ తన బండ్లను డీలరుకు అమ్మేస్తుంది, ఆ తర్వాత జరిగింది దానికి తెలుసని చూపకుండా బాధ్యత మోపలేం అని కోర్టు చెప్పింది. న్యాయసూత్రం ప్రకారం అది సరే. మేము దాన్నుంచి నేర్చుకున్నది, 'మాకు తెలియదు' అనే అవకాశమే కంపెనీకి ఉండకూడదని. కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి నుంచి ప్రతి దెబ్బ, ప్రతి బీమా క్లెయిము, మార్చిన ప్రతి అద్దం, రంగు వేసిన ప్రతి ప్యానెలు ఛాసిస్ నంబరు కింద కంపెనీ రికార్డులో చేరాలి. ఆ రికార్డు కొనేవాళ్లు అడక్కుండానే చూపించాలి. కంపెనీ పేరు చూసే మేము షోరూము మెట్లెక్కుతున్నాం.

చట్టం మావైపే ఉంది. బాగుచేసిన, పాత సరుకును కొత్తదని చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) చెబుతోంది. సంబంధిత సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం సేవాలోపమని సెక్షన్ 2(11)లో ఉంది. 50 లక్షల లోపు ధరకు కొన్నవాళ్లు తామున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, షోరూమున్న ఊరికి తిరగనక్కర్లేదు. గడువు మాత్రం 2 ఏళ్లు. దాచిన మరమ్మతు బయటపడేది చాలాసార్లు అంతకన్నా ఆలస్యంగానే. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు కానీ, ఆ కారణం చూపించుకునే భారం మోసపోయినవాళ్ల మీదే పడుతోంది. దాచిన సంగతి తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలని చట్టంలో స్పష్టంగా రాయాలని మేము కోరుతున్నాం.

ఇప్పుడు అమ్మకం సాగే వరుసే తలకిందులుగా ఉంది. ముందు పూర్తి డబ్బు, తర్వాత బీమా, తర్వాత రిజిస్ట్రేషన్. అన్నీ అయ్యాక ముహూర్తం చూసుకుని ఇంటిల్లిపాదీ షోరూముకు వెళితే, రిబ్బను కట్టిన కారు మీద కప్పిన గుడ్డ అప్పుడు తీస్తారు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, పెద్దమ్మ గుడికో దుర్గమ్మ కొండకో బయల్దేరాల్సిన వేళలో డోరు మీద రంగు తేడాగా ఉందని ఎవరు గొడవ పెట్టుకుంటారు? ఆ సంతోషాన్ని అడ్డం పెట్టుకుని లోపాలు దాటించడం మానండి. రిజిస్టర్ చేయకుండా బండి అప్పగించకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 42వది చెబుతోంది, అది మంచిదే. అయితే రిజిస్టరైన మరుక్షణం ఆ కారు మా పేరు మీదకు వచ్చేస్తుంది, వెనక్కి ఇవ్వడం గగనమవుతుంది. కాబట్టి ఛాసిస్ నంబరుతో సహా ఫలానా కారు మాకు కేటాయించారని రాసివ్వండి. యార్డులోనైనా సరే, పగటి వెలుతురులో, మేము తెచ్చుకున్న మేస్త్రీతో, మీటరుతో చూడనివ్వండి. ఆ తర్వాతే మిగతా డబ్బు, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్.

ప్రభుత్వాన్ని కోరేది కూడా పెద్దదేమీ కాదు. డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21లో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం ఇప్పటికే రాస్తున్నారు. వాటి కింద ఇంకొక్క గడి చేర్చండి: అమ్మకానికి ముందు జరిగిన నష్టం, చేసిన మరమ్మతు. ఏమీ లేకపోతే 'ఏమీ లేదు' అని రాసి సంతకం చేయాలి. ఈ ఫారం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోది కాబట్టి మార్చాల్సింది ఢిల్లీలో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు ఈ మార్పు కావాలని కేంద్రానికి రాయాలి.

షోరూములో నిలబడి మాట్లాడే కుర్రాళ్ల మీద మాకు కోపం లేదు. నెలాఖరు టార్గెట్లతో, ఇన్సెంటివులతో వాళ్ల బతుకు నడుస్తుంది. యార్డులో ఏం జరిగిందో చాలామందికి నిజంగానే తెలియదు. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకునేవాళ్లుంటే వాళ్ల పక్షాన నిలబడతాం. చెప్పి, ధర తగ్గించి అమ్మే డీలరు ఉంటే మా బంధువులందరినీ ఆ షోరూముకే పంపుతాం. గీత పడిన బండి తక్కువకు వస్తే కొనుక్కునేవాళ్లు మాలోనే చాలామంది ఉన్నారు.

మేము పాటించాల్సినవీ ఉన్నాయి. కొనే ముందు చూసుకోవడం నేర్చుకుంటాం, నేర్పుతాం. ప్రతి అద్దం మీదా తయారీ గుర్తు ఉంటుంది, ఒక్కటి తేడాగా ఉంటే ఎందుకని అడుగుతాం. డోరు రబ్బరు బీడింగు ఎత్తి దాని కింద రంగు తుంపరలున్నాయేమో చూస్తాం. బానెట్ బోల్టుల మీద స్పానరు పట్టిన గుర్తులు వెతుకుతాం. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూస్తాం. టైరు మీద నాలుగంకెల్లో వారం, సంవత్సరం చదువుతాం. పరీక్ష చేయించి రిపోర్టు చేతికి రాకముందు ఎవరి షోరూము మీదా నింద వేయం. లోపం బయటపడ్డాక 'ఫ్లోర్ మ్యాట్లు ఫ్రీ, వారంటీ ఇంకో ఏడాది, ఎక్కడా చెప్పకండి సార్' అన్న బేరానికి లొంగం. పరిహారం తీసుకున్నా నోరు మూసుకుంటామని సంతకం పెట్టం. రేపు మా కారు మేము అమ్ముకునే రోజున ఎక్కడ గీసుకుందో, ఎప్పుడు రంగు వేయించామో, ఏ వానకు ఎంత లోతు నీళ్లలో నిలిచిందో రాసి, బిల్లులు జతచేసి, కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే వాళ్ల చేతిలో పెడతాం.